చేప కన్ను ఆరిన బావి

ఇందుమూలంగా తిరుపతి, చిత్తూరు జిల్లాల సమస్త బస్సు ప్రయాణికులకు తెలియజేయడమేమనగా: బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరినవాడికే ఆ సీటు చెందును. రుమాలు ఉతికినదై ఉండవలెను. చిరిగిన బనియను ముక్క, చెమట కండువా, పక్కవాడి టోపీ చెల్లవు. ఒక రుమాలుకు ఒక సీటు మాత్రమే. నాలుగు రుమాళ్ళు విసిరి, బంధువులు వెనకాల వస్తున్నారని చెప్పేవాడు మొదటి తప్పుకు నిలబడియు, రెండో తప్పుకు ఇంజను మూత మీద కూర్చునియు ప్రయాణించవలెను. ఈ శాసనాన్ని నేను తిరుపతి బస్టాండులో ఉదయం ఆరున్నరకు, నా రుమాలు మీద ఇంకొకడు హాయిగా కూర్చుని ఉండగా, నిలబడి జారీ చేశాను. ఎవరూ వినలేదు. నా రుమాలు కూడా తిరిగి రాలేదు.

ఈ ప్రయాణానికి కారణం ఒక టెంకాయ. మా వైపు పొలంలో బోరు వేయించాలంటే ముందుగా నీళ్ళు చూసేవాణ్ణి పిలుస్తారు. అతను అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నేల కింద జల ఉన్నచోట టెంకాయ తనంతట తానే నిటారుగా లేచి నిలబడుతుందని నమ్మకం. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివి, రెండుసార్లూ అక్కడే ఆగి, తిరుపతిలో మిక్సీలు బాగుచేసుకుని బతుకుతున్న మనిషిని. నాకు జలతో సంబంధం లేదు. అయితే పాతికేళ్ళ కిందట ఒక పెళ్ళిలో భోజనాలు ఆలస్యమై, తోచక, టెంకాయ పట్టుకుని ఆడుతుంటే, బొటనవేలి మొదలుతో కాస్త నొక్కి వేళ్ళు వంచితే అది లేచి నిలబడుతుందని కనిపెట్టాను. నిలబెట్టింది కూడా పెళ్ళికొడుకు మేనమామ ముందు. ఆయన కడుపులో నీరు చేరిందేమోనని మరునాడే డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. ఆ రోజు నుంచి మా చుట్టాల్లో నాకు మహిమ ఉందని పేరు. నేను అవునని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు.

పోయిన వేసవిలో మునిరత్నం ఫోన్ చేశాడు. అతను నా భార్య చెల్లెలు సుగుణ మొగుడు. పూతలపట్టుకు అవతల ఒక చిన్న పల్లెలో మామిడి తోటలు, టమాటా చేలు ఉన్న రైతు. "అన్నా, శుక్రవారం బోరుబండి వస్తా ఉండాది. బేస్తవారం నువ్వొచ్చి పాయింటు పెట్టిపోవాల. సుగుణ నాటుకోడి కోస్తానంటా ఉండాది" అన్నాడు. నాటుకోడి అన్నాక నేను మిగతా మాటలు వినలేదు. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. చివరిదాకా చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది. దారి చెబుతాను, పూతలపట్టులో దిగి "ఊపిరి తోటలు యాడ?" అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

చిత్తూరు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఆరూ నలభైకి కదిలింది. టికెట్టు వంద లోపే. ఎడమవైపు కిటికీ దొరికితే చంద్రగిరి దగ్గర కోట కొండ మీద పొద్దు ఎక్కడం చూడవచ్చు. నాకు దొరికింది కడ్డీ కాబట్టి ముందున్నవాడి మెడ చూశాను. పాకాల దాటాక రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలే. కాయలు ఇంకా పచ్చిగా, ఆకులతో కలిసిపోయి ఉన్నాయి. ఎనిమిదింబావుకు పూతలపట్టు కూడలిలో దిగి, నాలుగు ఇడ్లీ, ఒక వడ తిన్నాను. చెట్నీ కారంగా ఉంటుంది, ముందే మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. అక్కడి నుంచి పల్లెకు షేరు ఆటో, మనిషికి ముప్పై.

ఆటో ముగ్గురి కోసం తయారుచేసిన బండి. నేను ఎక్కేసరికి పదిమంది ఉన్నారు. డ్రైవరు సుబ్రమణి ఇంకా చెయ్యి ఊపి జనాన్ని పిలుస్తూనే ఉన్నాడు.

"ఇంక యాడ ఎక్కిస్తావప్పా, నీ నెత్తినా?" అన్నాను.

"సర్దుకుంటే సోటు అదే వస్తాది సామీ. సర్దుకోవడం రానోళ్ళకి ఇమానంలో కూడా సోటు సాలదు" అని నా మోకాలి మీద ఇంకొకరి సంచీ పెట్టాడు. ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు వంగి కూర్చునే ఉపాయం కూడా అతనే చెప్పాడు. నిజంగానే ఇంకో ఇద్దరు పట్టారు. నేను మెచ్చుకున్నాను కూడా. రెండు మైళ్ళు పోయాక మిట్ట దగ్గర బండి గురక పెట్టి ఆగింది. "దిగండప్పా, మిట్ట ఎక్కేదాకా నడవండి" అన్నాడు. అందరం దిగాం. చివరగా దిగింది ఒక ముసలామె. పూతలపట్టు ఆస్పత్రిలో మోకాళ్ళకు మందు రాయించుకుని వస్తోందట. పేరు ఎస్తేరమ్మ, మునిరత్నం ఊరే. కుంటుకుంటూ నడుస్తూ డ్రైవరుతో అంది: "సర్దుకునేది మా పని. ఎవురు కూసోవాల, ఎవురు నిలబడాల అనేది మేము మేము తిట్టుకుని తేల్చుకుంటాం. బండి ఎంత మోస్తాదో సూసుకునేది ఎవురి పనిరా సుబ్రమణీ?"

"బండి మోస్తాదిలే అవ్వా."

"మోస్తాది. నేను మోసుకుంటా పోతా ఉండా నా కాళ్ళని."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా సంచీలోంచి బయటికి కనబడుతున్న పీచు చూసి, "టెంకాయ గుడికా, బోరుకా?" అని అడిగింది. బోరుకే అన్నాను. ఆమె మొహం తిప్పుకుని మిట్ట ఎక్కింది. 

తొమ్మిదిన్నరకు ఊరు చేరాం. మునిరత్నం తోట గుండానే దారి. నేను మొదట వాటిని దిష్టిబొమ్మలనుకున్నాను. మామిడి చెట్ల మధ్య మోకాలెత్తున ఇనుప గొట్టాలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాని మూతికి తెల్ల యూరియా సంచీ ముసుగులా కప్పి, మెడ దగ్గర తీగతో బిగించారు. లోపలికి పీల్చుకుపోయినట్టు సంచీలన్నీ గొట్టంలోకి కుంగి ఉన్నాయి. చెంపలు లేని తలల్లాగా. అవన్నీ నీళ్ళు పడని బోర్లు, పడి ఎండిపోయిన బోర్లు. పిల్లలు పడకుండా మూతికి సంచీ కట్టారు. లెక్కపెడదామని మొదలుపెట్టి, తోట మలుపు తిరిగాక ఇంకా అన్ని కనబడేసరికి మానేశాను.

మునిరత్నం ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మాటకు ముందు చెయ్యి పనిచేస్తుంది. దారిలోనే ఒక డ్రిప్పు గొట్టానికి పట్టిన సున్నం గోటితో గీకాడు. "మా తాత కాలవలు తవ్వి పారించినాడన్నా. సగం నీళ్ళు ఎండకే పొయ్యేవి. నేను సుక్క సుక్కగా చెట్టు మొదట్లోకి పెడతా ఉండా. ఒక్క సుక్క వేస్టు లేదు" అన్నాడు గర్వంగా. నిజమే, అంత శుభ్రమైన తోట నేను చూడలేదు. నీళ్ళు మిగిలాయి కదా అని నాలుగేళ్ళ కిందట ఇంకో అయిదెకరాల మిట్ట చదును చేసి కొత్త అంట్లు నాటాడట. ఆ మొక్కలు ఈ ఏడు మొదటి పూత పట్టాయి. వేలెడు కాయలు కూడా ఉన్నాయి. వాటి ఆకులు మాత్రం అంచుల్లో మాడి, దోసె అంచులా ముడుచుకున్నాయి. మిట్ట బోరు పది రోజుల కిందట గాలి కక్కి ఆగిపోయిందట, పాత తోట బోరొకటే సన్నగా పోస్తోందట. అతను ఒక మొక్క మొదలు చేత్తో పట్టుకుని, "వీటికి ఇంకో నెల నీళ్ళు లేకపోతే అంతేనన్నా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా మొహం చూడలేదు, మొక్క మొహమే చూశాడు.

పదిన్నర దాటాక అరుగు మీద మజ్జిగ తాగుతుంటే నా చేతిలో లోటా ఆగిపోయింది. తోటలో సంచీలు లేస్తున్నాయి. గాలి లేదు, ఆకు కదలడం లేదు. దగ్గరి గొట్టం మీది సంచీ మెల్లగా నిండి, బుగ్గలు వచ్చి, గుండ్రంగా బిగిసింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. ఒకరి వెనక ఒకరు నిద్రలేస్తున్నట్టు తోట చివరిదాకా లేచాయి. తీగ సందుల్లోంచి గాలి బయటికి వస్తున్నట్టుంది, ఊఁ ఊఁ అని, కథ చెబుతుంటే ఊకొట్టినట్టు సన్నటి చప్పుడు. ఎవరు చెబుతున్నారో తెలియని కథకు.

"బావా, అటు సూడొద్దు, మజ్జిగ తాగు" అంది సుగుణ. "పగలంతా ఊదుతాయి. నాలుగ్గంటలకి ఒకపాలి ఆగుతాయి. ఆ మీదట పీలుస్తాయి."

"ఏం పీలుస్తాయి?"

"నాకేం తెలుసు బావా? మా కోడిపుంజు ఈక ఒకటి పోయింది. ఒకపాలి నా చేతిగుడ్డ పోయింది. పిలకాయల్ని ఆ యాళకి అటు పంపను."

స్కూలు అయ్యవారొకరు దీనికి కారణం చెప్పారట. పైన గాలి బరువు పొద్దున ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుందనీ, నీళ్ళు ఉండాల్సిన రాతి పగుళ్ళలో ఇప్పుడు ఉత్త గాలి ఉందనీ, ఆ బరువు మారినప్పుడల్లా అది లోపలికీ బయటికీ తిరుగుతుందనీ. నాకు సగం అర్థమైంది. అర్థమైన సగం నాకు నచ్చలేదు. అంటే కింద అంత పెద్ద ఖాళీ ఉందన్నమాట, మేమంతా దాని మూత మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నామన్నమాట. లోటా కింద పెట్టేశాను.  

పన్నెండున్నరకు భోజనం. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి. బయట అవి ఊకొడుతూనే ఉన్నాయి. చెయ్యి కడుక్కున్నాక మునిరత్నం నన్ను పెరటి వైపు తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"అన్నా, టెంకాయ బావి గట్టు పక్కన నిలబెట్టాల. ఇరవై అడుగుల్లో నా పొలం గెనుం ఉండాది. ఆడ జల ఉండాదని బోరుబండాయన కూడా చెప్పినాడు."

"టెంకాయ దానికి ఇష్టమైన చోట నిలబడతాదప్పా. నా చేతిలో ఏముంది?" అన్నాను మహిమ గొంతుతో.

"నీ సేతిలోనే ఉండాది. ఆ పెండ్లిలో నీ బొటనేలు నేను సూడలేదనుకున్నావా?" అని పళ్ళు బయటపెట్టాడు. "నాకు తెలుసు. ఊరికి తెలీదు. టెంకాయ చెప్పినాక ఎవురూ ఎదురు మాట్లాడరు. అందుకే నిన్ను పిలిసినా."

పాతికేళ్ళుగా నన్ను పట్టుకున్న మనిషి లేడనుకున్నాను. నాటుకోడి కడుపులో ఉండగా దొరికిపోయాను. మరి ఊరు ఎందుకు ఎదురు మాట్లాడుతుంది అని అడిగితే చెప్పాడు. పాత రాతి బావి అది. ఇప్పుడు పంటకు పనికిరాదు. అడుగున నడుం లోతు నీళ్ళున్నాయి. దిగువన ఉన్న ఏడిళ్ళ వాళ్ళు వంతుల ప్రకారం తాగడానికి తోడుకుంటారు. పక్కనే వెయ్యడుగుల బోరు పడితే ఆ నడుం లోతు ఎన్నాళ్ళు ఉంటుందో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. "వాళ్ళకి నేను టాంకరు తెప్పిస్తా" అన్నాడు. అంటూనే తల తిప్పుకున్నాడు.

మూడు గంటలకు టెంకాయ పట్టుకుని బయలుదేరాం. బావి దగ్గర ఎస్తేరమ్మ కూర్చుని ఉంది. దిగువ ఇళ్ళవాళ్ళు కొందరు కాస్త దూరంగా, చింత నీడలో నిలబడ్డారు. 

"పాయింటు పెట్టే ముందర చేపను సూసి రావాల" అంది ఎస్తేరమ్మ.

మునిరత్నం విసుక్కున్నాడు. "ఏం చేప ఎస్తేరక్కా, అది తాతల కాలం ముచ్చట."

ఆమె నాకు చెప్పింది. బావి గోడలోంచి బయటికి వచ్చిన రాతి మెట్లు ఉన్నాయి. పదకొండో మెట్టు పక్కన గోడకు చేప చెక్కి ఉంది. చేప కన్ను తడిగా ఉంటే ఎవరి ఇష్టం వాళ్ళది, ఏ పంటైనా పెట్టుకోవచ్చు. కన్ను ఆరితే ఊరంతా సేద్యం తగ్గించాలి. ఎక్కువ భూమి ఉన్నవాడు ముందు తగ్గించాలి, తక్కువ ఉన్నవాడు చివర. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఇంకో కట్టుబాటు: చేపను చూసి చెప్పే హక్కు కడపటి వంతు ఇంటిది. నీళ్ళు అందరికీ అయిపోయాక అందేది వాళ్ళకే కాబట్టి, ఉందని అబద్ధం చెప్పే అవసరం వాళ్ళకు ఉండదు. కడపటి వంతు ఎస్తేరమ్మ ఇంటిది. బోర్లు వచ్చాక ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె మొగుడు ఉన్నన్నాళ్ళూ ఎవరూ అడగకపోయినా దిగి చూసి వచ్చేవాడట.

"అది కాలవలు పారించే కాలం మాటక్కా" అన్నాడు మునిరత్నం. "నేను డ్రిప్పుతో సగం నీళ్ళు మిగిలిస్తా ఉండా. నాకెందుకు చేప?"

"మిగిలించినావు. యాడ పెట్టినావు?" అంది ఆమె మెల్లగా. "మిగిలిన సగం ఆ మిట్ట మీద అంట్లకి తాపినావు. సుక్కలుగా పోస్తే జాస్తి చెట్లు తాగినాయి, అంతే కదబ్బా. బావికి ఏం మిగిలింది?"

"మరి ఏ చెట్లని సంపమంటావు? చెప్పు, నువ్వే చెయ్యి పెట్టి సూపించు" అన్నాడు.  ఎస్తేరమ్మ చూపించలేదు. ఆమెకు కూడా ఆ మొక్కలు నీళ్ళ కోసం పిలుస్తున్నట్టే వినిపించి ఉంటుంది. నా వైపు తిరిగింది. "నా మోకాళ్ళు దిగవు. నువ్వు బయటోడివి. నీకు ఈడ సెంటు భూమి లేదు. నా తరపున దిగి సూసి, ఉండేది ఉండేట్టు చెప్పు నాయనా."

జీవితంలో నన్ను ఉన్నది ఉన్నట్టు చెప్పమని అడిగిన మొదటి మనిషి ఆమె. టెంకాయను గట్టు మీద పెట్టి, చెప్పులు విప్పి దిగాను. అప్పుడు నాలుగుకు పావుగంట తక్కువ.

మెట్లు అడుగు వెడల్పే. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. అయిదో మెట్టు దగ్గర మెడ మీద చల్లటి గాలి తగిలింది, ఎవరో దగ్గరగా నిలబడి ఊపిరి వదిలినట్టు. తిరిగి చూస్తే గోడలో అడ్డంగా తొలిచిన బోరు రంధ్రం. బావిలో నీళ్ళు తగ్గినప్పుడు పక్కలకు తొలిపిస్తారు, అది కూడా ఎండిపోయింది. ఊఁ అంటోంది. కిందికి పోయేకొద్దీ పైనుంచి మనుషుల మాటలు తగ్గి, ఆ ఊకొట్టడమే మిగిలింది. పదకొండో మెట్టు దగ్గర చేప కనబడింది. జానెడు పొడవు, తల పైకి పెట్టి ఈదుతున్నట్టు చెక్కారు. కన్ను గుంటలో వేలు పెట్టాను. దుమ్ము. వేలికి తెల్లగా అంటింది. నీళ్ళు ఇంకా రెండు నిలువుల కింద ఉన్నాయి.

అక్కడితో తిరిగి రావాల్సింది. అప్పుడే గాలి ఆగింది. ఊకొట్టడం ఆగింది. నాలుగైంది కాబోలు. పైన తోటలో సంచీలన్నీ కుంగిపోతున్న చప్పుడు, అప్పడం నలిపినట్టు, బావిలోకి వినిపించింది. నా భుజం మీది తువ్వాలు కొస మెల్లగా కదిలి, పక్కనే గోడలో ఉన్న అలాంటి ఇంకో రంధ్రం వైపు సాగి, అక్కడ అంటుకుని నిలబడింది. లాక్కుంటే వచ్చింది, కానీ రావడానికి ఇష్టపడలేదు. కాలు తప్పి ఇంకో రెండు మెట్లు కిందికి జారాను. పడకుండా గోడ పట్టుకున్నాను. చేతి కింద పాచి ఊడింది. పాచి కింద గీతలు. ఇంకొంచెం తుడిచాను. ఇంకో చేప. పైదానికి రెట్టింపు పొడవు, ఒళ్ళంతా పొలుసులు చెక్కి ఉన్నాయి. దీని తల కిందికి ఉంది. కన్ను మూసి ఉంది.

పైకి ఎలా వచ్చానో గుర్తులేదు. మునిరత్నం చెయ్యిచ్చి లాగాడు. కన్ను ఆరిందని చెప్పాను. అది అందరికీ తెలిసిందే. తర్వాత రెండో చేప గురించి చెప్పాను. 

"తల యాడికి ఉండాది?" అన్నాడు మునిరత్నం.

"కిందికి."

అతను ఎస్తేరమ్మ వైపు చూశాడు. ఆమె చాలాసేపు నా మొహం చూసింది. మిక్సీ బాగైందని నేను చెప్పినప్పుడు ఆడవాళ్ళు చూసేట్టు చూసింది. ఆ తర్వాత కొంగు తల మీదికి లాక్కుని అంది: "మా అత్తకి తెలుసు. ఆ మాట ఎత్తితే నా నోరు మూసేది. అది కనబడే నాటికి ఊళ్ళో దీపం పెట్టేవాళ్ళు ఉండరని చెప్పేది."

మునిరత్నం గట్టు మీది టెంకాయ తీసి నా చేతిలో పెట్టాడు.  నేను బావి చుట్టూ, అతని గెనుం పొడవునా, దిగువ ఇళ్ళదాకా నడిచాను. టెంకాయను పడుకోబెట్టే ఉంచాను. నా బొటనవేలు కదులుతుందేమోనని అతను చూస్తూ నా పక్కనే నడిచాడు. కదల్లేదు. నడక పూర్తయ్యాక ఫోన్ తీసి బోరుబండి ఆయనకు రావద్దని చెప్పాడు. ఆ మీదట ఒక్కడే మిట్ట మీదికి పోయి కొత్త అంట్ల మధ్య నిలబడ్డాడు. నేను పిలవలేదు. అయిదున్నరకు సుబ్రమణి ఆటో వచ్చింది, నేను వెళ్ళిపోయాను. పూతలపట్టులో ఏడింటికి తిరుపతి బస్సు. కూర్చునే చోటు దొరికింది. చెట్ల మధ్య తెల్లగా ఏది కనబడినా కళ్ళు మూసుకున్నాను.

పదిహేను రోజులకు మునిరత్నం ఫోన్ చేశాడు. మిట్ట మీది అయిదెకరాల డ్రిప్పు గొట్టాలు చుట్టేశాడట. అందులో ఎకరా అంట్లను మాత్రం అందరూ ఒప్పుకుని, తలా ఇన్ని కుండలు పోసి బతికించుకుంటున్నారట, ఎస్తేరమ్మ వంతులోంచి కూడా. మిగతావి పోయాయి. పాత తోటకు నీళ్ళు వారానికి రెండు పూటలు. వానలు వచ్చాక ఎవరు ఏ పంట పెట్టాలన్నా ముందు ఎస్తేరమ్మ మనవరాలు దిగి చేపను చూసి రావాలని తీర్మానించుకున్నారట. చివరగా గొంతు తగ్గించి అన్నాడు: "నేను కూడా దిగినానన్నా. నీ మాట మీద నమ్మకం లేక. సేత్తో తడిమినా. పొలుసులు తగిలినాయి."

తిరిగొచ్చాక నేను ఆటో గురించి ఎక్కువ ఆలోచించాను. బండి ఎంత మోస్తుంది, ఎవరికి చోటు, ఎలా సర్దుకోవాలి. మూడూ వేరు వేరు ప్రశ్నలు. మనం మూడోదానిలో ఆరితేరిపోయాం. సర్దుకోవడంలో మనంతటి తెలివైనవాళ్ళు లేరు, చుక్కనీరు కూడా వృథా చెయ్యని మునిరత్నంలాగా. ఆ తెలివితో మిగిలిన చోటులోకి ఇంకొకణ్ణి ఎక్కించడమే మన అలవాటు. రెండో ప్రశ్నకు రుమాలు విసిరి జవాబు చెబుతాం. మొదటిది అడిగేవాళ్ళు మిట్ట దగ్గర దిగి నడిచే ముసలివాళ్ళే. ఆ బావి కట్టినవాళ్ళు మొదటి ప్రశ్నను రాతి మీద చెక్కి, జవాబు చెప్పే పనిని కడపటి ఇంటికి అప్పగించారు. వాళ్ళు నాకంటే ఎన్ని తరగతులు ఎక్కువ చదివారో తెలియదు. ఆ జవాబుకు ఒక మనిషి నాలుగేళ్ళు చేత్తో పెంచిన చెట్లు పోయాయి, ఆ సంగతి నా ఒంట్లోంచి పోవడం లేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. నాలుగ్గంటల లోపే తోట దాటేయండి. ఎస్తేరమ్మను అడిగి, ఆమె సరేనంటే, చెప్పులు విప్పి బావిలోకి పదకొండో మెట్టుదాకా దిగండి, చేప కన్నులో వేలు పెట్టి చూడండి. అంతకంటే కిందికి పోవద్దు. రాళ్ళు వదులుగా ఉన్నాయి, పైగా చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. రెండో చేప లేదు. నా చేతి కింద ఊడింది ఉత్త పాచి, దాని కింద ఉత్త రాయి. పైకి ఎక్కుతూ అయిదారు మెట్లలో ఆ చేపను నేనే అల్లాను, పొలుసులతో సహా. ఊరి పేరు రాయనిది అందుకే. ఎస్తేరమ్మ ఆ అత్త మాటను ఎక్కడి నుంచి తెచ్చిందో నేను ఆమెను అడగలేదు. మునిరత్నం చేతికి ఏం తగిలిందో మాత్రం నాకు తెలియదు.